లెక్కకు రానివాళ్ళం

డిసెంబర్ 22 వస్తే చాలు, రామానుజన్ పటానికి దండ పడుతుంది. 2012 నుంచి ఆ రోజును జాతీయ గణిత దినోత్సవం అంటున్నారు. వక్తలు ముగ్గురైనా ముప్పై మందైనా కథ ఒక్కటే. పేదవాడు, పలక మీద లెక్కలు చేసుకున్నాడు, కలలో నామగిరి దేవత సూత్రాలు చెప్పింది, హార్డీకి ఉత్తరం రాశాడు, ఓడ ఎక్కాడు. 2015లో వచ్చిన ఇంగ్లీషు సినిమా 'ది మ్యాన్ హూ న్యూ ఇన్ఫినిటీ' కూడా దాదాపు ఈ కథనే అందంగా తీసింది. కథ చివర నీతీ ఒక్కటే: ప్రతిభ ఉన్నవాణ్ణి ఎవడూ ఆపలేడు. దాని వెనకాల వచ్చే వాక్యం మాత్రం పైకి అనరు. మీవాళ్ళు రాలేదంటే మీవాళ్ళకి ప్రతిభ లేదన్నమాట.

నేను లెక్కల మనిషిని కాను. బి.ఎ. చదివి పత్రికల్లో పడ్డవాణ్ణి. కాని కథల్లో దేన్ని వదిలేసి దేన్ని చెబుతున్నారో చూడటం నా పని. ఈ కథలో వదిలేసిన భాగం చాలా పెద్దది.

రామానుజన్ పరీక్షల్లో తప్పాడు. కుంభకోణం కాలేజీలో స్కాలర్‌షిప్ పోగొట్టుకున్నాడు. మద్రాసు పచ్చయ్యప్ప కాలేజీలో ఎఫ్.ఎ. గట్టెక్కలేదు. లెక్కలు తప్ప మిగతా సబ్జెక్టులు అతనికి అక్కర్లేదు, పరీక్షకి అవన్నీ కావాలి. డిగ్రీ లేకుండా మిగిలిపోయిన ఆ యువకుడు తన నోటు పుస్తకాలు పట్టుకుని వెళ్ళింది ఎవరి దగ్గరికి? ఇండియన్ మేథమెటికల్ సొసైటీని స్థాపించిన డిప్యూటీ కలెక్టరు వి. రామస్వామి అయ్యరు దగ్గరికి. ఆయన పంపితే ఇంకొకరి దగ్గరికి. అలా తిరిగి తిరిగి చివరికి మన నెల్లూరు కలెక్టరుగా ఉన్న ఆర్. రామచంద్రరావు దగ్గరికి. ఆయన నెలకు 25 రూపాయలు తన జేబులోంచి ఇచ్చాడు. ఆ తర్వాత మద్రాసు పోర్ట్ ట్రస్ట్‌లో గుమాస్తా ఉద్యోగం దొరికింది. అక్కడ ఛీఫ్ అకౌంటెంట్ నారాయణ అయ్యరు కూడా గణితం తెలిసినవాడే. 1913లో మద్రాసు విశ్వవిద్యాలయం నెలకు 75 రూపాయల పరిశోధక వేతనం రెండేళ్ళకి ఇచ్చింది. డిగ్రీ లేనివాడికి అలా ఇచ్చే పద్ధతి లేదు. అయినా పెద్దలు కూచుని దారి వెతికారు. నియమాన్ని పక్కకి జరిపారు.

వాళ్ళు చేసింది మంచి పని. ఎత్తిపొడవడానికి చెప్పడం లేదు. కాని ఆ పని పేరేమిటి? ఇవాళ ఎవరైనా ఒక యూనివర్సిటీ గణిత శాఖలో ఇదే పని చేద్దామంటే, అంటే పరీక్షలో రానివాడి నోటు పుస్తకం తెరిచి చూద్దామంటే, డబ్బు ముందు చూద్దామంటే, పెద్ద మనుషుల దగ్గరికి దారి చూపిద్దామంటే, దాన్ని రాయితీ అంటారు, ప్రమాణాలు దిగజార్చడం అంటారు. రామానుజన్‌కి జరిగితే దైవలీల, మా పిల్లలకి జరగాలంటే బుజ్జగింపు.

రామానుజన్ పేదవాడే, అందులో అబద్ధం లేదు. కాని అతను తలుపు తట్టగలిగిన ఇళ్ళు మద్రాసంతా ఉన్నాయి. అయ్యర్లూ అయ్యంగార్లూ రావులూ ఆఫీసుల్లో ఉన్నారు, వాళ్ళలో లెక్కలు చదివినవాళ్ళు ఉన్నారు, వాళ్ళకో సంఘం ఉంది, ఆ సంఘానికో పత్రిక ఉంది. పేదరికానికి కూడా కులం ఉంటుంది. నల్లగొండలో సైకిలు షాపువాడి కొడుకు, ఆదోనిలో దూదేకుల ఇంటి పిల్ల, పాతబస్తీలో జరీ పనివాడి కూతురు తమ నోటు పుస్తకం పట్టుకుని ఏ కలెక్టరు ఇంటికి వెళ్ళాలి?

ఇప్పుడు చట్టం చూద్దాం. కేంద్ర విద్యాసంస్థల్లో ప్రవేశాలకు రిజర్వేషన్ కల్పించే చట్టం 2006 నాటిది. ఎస్సీలకు 15, ఎస్టీలకు 7.5, ఓబీసీలకు 27 శాతం. ముస్లింలకు ముస్లింలుగా ఇందులో చోటు లేదు. ఓబీసీ జాబితాలో ఉన్న మావాళ్ళు ఆ దారిన వెళ్ళాలి. అంతవరకు అందరికీ తెలుసు. ఈ చట్టంలో చాలామంది చదవని పేజీ చివరిది. అక్కడో షెడ్యూలు ఉంది. ఈ చట్టం వర్తించని సంస్థల పేర్లు అందులో ఉన్నాయి. ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ అందులో ఉంది. హోమీ భాభా జాతీయ సంస్థ కింద ఉన్నవి అందులో ఉన్నాయి, అంటే చెన్నైలోని గణిత శాస్త్రాల సంస్థ, అలహాబాదులోని హరీశ్‌చంద్ర పరిశోధనా సంస్థ కూడా. గణితంలో పిహెచ్.డి. చేయాలనుకునే పిల్లలు ముందు చెప్పుకునే పేర్లు ఇవే. 2019లో అధ్యాపకుల నియామకాలకి మరో చట్టం వచ్చింది. దానికీ చివర ఒక షెడ్యూలు. మళ్ళీ అవే పేర్లు.

షెడ్యూల్డ్ కులాలు, షెడ్యూల్డ్ తెగలు అన్న మాటల్లో షెడ్యూలు అంటే హక్కు పొందవలసినవాళ్ళ జాబితా. ఇక్కడ అదే మాట ఆ హక్కు నుంచి తప్పించుకున్నవాళ్ళ జాబితా అయింది. సాహిత్య విమర్శకులు ఒక పదం అర్థం తలకిందులు కావడాన్ని పేజీల కొద్దీ చర్చిస్తారు. ఈ తలకిందులు మీద ఎవరూ వ్యాసం రాయలేదెందుకో.

దీనికి ఇచ్చే సమాధానం నాకు తెలుసు. అణుశక్తి, జాతీయ ప్రాముఖ్యం, శ్రేష్ఠత. అణు రియాక్టర్ దగ్గర భద్రత మాట అర్థమవుతుంది. సంఖ్యాశాస్త్రంలోనో టోపాలజీలోనో పిహెచ్.డి. చేసే పిల్ల వల్ల దేశానికి వచ్చే ప్రమాదమేమిటి? రిజర్వేషన్ ఉంటే శ్రేష్ఠత పోతుందని చట్టసభ తన చేతులతో రాసి పెట్టిందన్నమాట. మన సెక్యులర్ మిత్రులు మండల్ మీద ఎన్ని సభలు పెట్టారో. ఈ పేజీ మీద ఒక్క సభ పెడితే బాగుండేది.

షెడ్యూల్లో లేని విశ్వవిద్యాలయాల్లో సీటు దొరుకుతుంది. దొరికాక ఏమవుతుంది? అసలు కథ అక్కడ మొదలవుతుంది. 2006 నవంబరులో సచార్ కమిటీ ఇచ్చిన నివేదికలో ఒక వాక్యం ఉంది. దేశంలోని మేటి కాలేజీల్లో డిగ్రీ స్థాయిలో 25 మందికి ఒక ముస్లిం, పీజీ స్థాయిలో 50 మందికి ఒక ముస్లిం. 2001 జనాభా లెక్కల్లో మేము 13.4 శాతం. ఇరవై అయిదులో ఒకటి అన్న అంకెను అందరూ పట్టుకున్నారు, ఊరేగించారు. నాకు ఆ రెండో అంకె ఎక్కువ బాధ కలిగిస్తుంది. ఒక్క మెట్టు ఎక్కేసరికి వాటా సగమైంది. కింది మెట్టు దాకా వచ్చినవాళ్ళకి ప్రతిభ లేదని అనలేరు కదా. మరి మధ్యలో ఏం జరిగింది?

మొదట భాష జరిగింది. మాకు ముసల్లస్ అంటే త్రిభుజం, జావియా అంటే కోణం, కసర్ అంటే భిన్నం. తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలకి అవకలజం, సమాకలనం, మాత్రిక. 1968లో పెట్టిన తెలుగు అకాడమీ ఈ మాటలతో పుస్తకాలు వేసింది. డిగ్రీ దాకా ఇవి నడుస్తాయి. ఎమ్మెస్సీ మొదటి రోజు తెల్లారేసరికి అన్నీ చచ్చిపోతాయి. పిహెచ్.డి. ఫెలోషిప్ కోసం రాసే సి.ఎస్.ఐ.ఆర్. నెట్ పరీక్ష ప్రశ్నపత్రం ఇంగ్లీషులో ఉంటుంది, హిందీలో ఉంటుంది. తెలుగులో లేదు, ఉర్దూలో లేదు. లెక్క తెలిసినా ప్రశ్న అర్థమయ్యేసరికి గంట కొడతారు. ఈ విషయంలో మా పిల్లవాడూ, మాల మాదిగ వాడల్లోంచి, బీసీ ఇళ్ళల్లోంచి తెలుగు మాధ్యమంలో వచ్చిన పిల్లవాడూ ఒకే బెంచీ మీద కూచున్నారు. ఒకే బెంచీ మీద ఉన్నామని ఇద్దరికీ తెలియదు, అదీ బాధ.

పెద్ద లెక్కలు ఇంగ్లీషులో తప్ప కుదరవు అనేవాళ్ళకి మన హైదరాబాద్‌లోనే జవాబు ఉంది. 1917లో ఇక్కడ దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ పెట్టారు. ఆ మరుసటేడు మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో ఉన్నత విద్య చెప్పింది. గణితం కూడా ఉర్దూలోనే. అక్కడే చదువుకున్న రజీయుద్దీన్ సిద్దిఖీ కేంబ్రిడ్జి వెళ్ళాడు, లైప్‌జిగ్‌లో హైజెన్‌బర్గ్ దగ్గర పని చేశాడు, తిరిగి వచ్చి ఉస్మానియాలో లెక్కలు చెప్పాడు. ఉర్దూలో లెక్కలు నేర్చుకున్నందుకు హైజెన్‌బర్గ్ దగ్గర నామోషీ పడాల్సి రాలేదు. సంస్థానం పోయాక ఆయన పాకిస్తాన్ వెళ్ళిపోయాడు. ఉస్మానియాలో ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది.

ఈ చరిత్ర చెప్పుకుని మురిసిపోయే మావాళ్ళకి ఇంకో ముక్క కూడా చెప్పాలి. నిజాం రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడింది తెలుగు. ఆ తర్వాత మరాఠీ, కన్నడం. ఉర్దూలో తెరిచిన తలుపు వాళ్ళ మొహం మీద మూసిన తలుపే. పాలమూరు రైతు కొడుక్కి ఉస్మానియా ఉర్దూ ఎంత దూరమో, ఇవాళ పాతబస్తీ పిల్లకి యూనివర్సిటీ ఇంగ్లీషు అంత దూరం. అనువాదం సాధ్యమని ఆ విశ్వవిద్యాలయం నిరూపించింది. ఒక్క భాషకే చేసి ఆగిపోయింది. 1998లో వచ్చిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో ఇప్పుడు మళ్ళీ ఉర్దూలో ఎమ్మెస్సీ గణితం ఉంది, సంతోషమే. కాని మావాళ్ళని అక్కడికి పంపించేసి మిగతా గణిత శాఖలు చేతులు దులుపుకుంటే, అది చేర్చుకోవడం కాదు, వేరే వంటిల్లు పెట్టడం.

భాష తర్వాత గది. ఇది చెప్పాలంటే కొంచెం దూరం వెళ్ళాలి, ఎందుకంటే ఈ విషయాన్ని కూచుని గమనించి రాసినవాళ్ళు అమెరికాలో ఉన్నారు, మన దగ్గర నాకు దొరకలేదు.

వివియన్ మలోన్-మేయస్ అనే నల్లజాతి స్త్రీ టెక్సాస్ రాష్ట్రంలో వాకో ఊరి మనిషి. 1961లో సొంత ఊళ్ళోని బేలర్ విశ్వవిద్యాలయం నల్లదని చెప్పి చేర్చుకోలేదు. ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో చేరింది, అక్కడ చట్టం తలుపు తెరిచింది. లోపల ఏముంది? ఆర్. ఎల్. మూర్ అనే గొప్ప పేరున్న ప్రొఫెసరు తన క్లాసులోకి రానివ్వలేదు. మిగతా పరిశోధక విద్యార్థుల్లా పాఠాలు చెప్పే ఉద్యోగం ఇవ్వలేదు. తోటి విద్యార్థులు, గైడు కలిసి బయట ఒక కాఫీ హోటల్లో కూచుని లెక్కల గురించి మాట్లాడుకునేవాళ్ళు. ఆ హోటల్లోకి నల్లవాళ్ళకి ప్రవేశం లేదు. ఆమె 1966లో పిహెచ్.డి. పూర్తి చేసింది, అదే ఏడు బేలర్‌లో మొదటి నల్లజాతి అధ్యాపకురాలైంది. మూర్ పేరు పెట్టిన భవనానికి ఆ పేరు తీసేయడానికి 2020 దాకా పట్టింది.

ఆ కాఫీ హోటల్ని మరచిపోలేను. సీటు ఉంది, ఫీజు కట్టింది, లైబ్రరీ కార్డు ఉంది. గణితం పుట్టే టేబుల్ దగ్గర మాత్రం కుర్చీ లేదు.

మన క్యాంపస్‌లలో బోర్డు పెట్టి ఎవర్నీ ఆపరు. బోర్డు అక్కర్లేదు. సాయంత్రం సెమినార్ అయ్యాక ఆరు గంటలకి క్యాంటీన్ దగ్గర అసలు మాటలు మొదలవుతాయి. ఏ సమస్య మీద పని చేస్తే బాగుంటుంది, ఏ ప్రొఫెసరు దగ్గర ఖాళీ ఉంది, ఎక్కడ సమ్మర్ స్కూల్ ఉంది, ఎవరి ఉత్తరానికి విలువుంది. ఆ సమయానికి పాతబస్తీ పిల్ల గచ్చిబౌలిలో బస్సు కోసం నిలబడి ఉంటుంది, మెహదీపట్నంలో దిగి ఇంకో బస్సు ఎక్కాలి, మగ్రిబ్ దాటితే ఇంట్లో అమ్మీకి కాలు నిలవదు. సెమినార్ శుక్రవారం మధ్యాహ్నం పెడితే నమాజుకి వెళ్ళినవాడు సగంలో వస్తాడు, అతనికి ఆసక్తి తక్కువని ఒక అభిప్రాయం ఏర్పడుతుంది. బురఖా వేసుకున్న పిల్ల ప్రశ్న అడిగితే జవాబు పక్కనున్నవాడి మొహం చూస్తూ చెప్పే మేష్టారు ఉంటాడు. ఇవేవీ కేసు పెట్టదగ్గ నేరాలు కావు. మూడేళ్ళలో మనిషిని గదిలోంచి బయటికి పంపడానికి మాత్రం సరిపోతాయి.

2008 ఫిబ్రవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ భౌతికశాస్త్రంలో పిహెచ్.డి. విద్యార్థి సెంథిల్ కుమార్ ఆత్మహత్య చేసుకున్నాడు. సేలం వైపు నుంచి వచ్చిన దళితుడు. చేరి నెలలు గడిచినా అతనికి గైడు లేడు. 2016 జనవరిలో అదే క్యాంపస్‌లో రోహిత్ వేముల. ఇవి గణిత శాఖ కథలు కావు గదా అని ఎవరైనా అంటే, గైడు కేటాయింపు, కోర్సు పరీక్ష, ఫెలోషిప్ అనే మూడు తాళ్ళు సైన్సు శాఖలన్నిటిలోనూ ఒకటే అని గుర్తు చేస్తాను.

మళ్ళీ అమెరికా మాట. 1970లలో బర్క్‌లీలో యూరి ట్రైస్‌మన్ అనే యువకుడు, నల్లజాతి విద్యార్థులు కాలిక్యులస్‌లో ఎందుకు తప్పుతున్నారని మేష్టర్లని అడిగాడు. వచ్చిన జవాబులు మనకి బాగా తెలిసినవే: పట్టుదల లేదు, పునాది లేదు, ఇంట్లో చదువు వాతావరణం లేదు, డబ్బు లేదు. అతను 20 మంది నల్లజాతి విద్యార్థుల్నీ 20 మంది చైనా సంతతి విద్యార్థుల్నీ వెంటబడి చూశాడు. వాళ్ళ గదుల్లోకి వెళ్ళి ఎలా చదువుతున్నారో చూశాడు. మేష్టర్లు చెప్పిన కారణాలేవీ నిలవలేదు. చైనా పిల్లలు కలిసి చదువుకుంటున్నారు, ఒకరి తప్పు ఒకరు దిద్దుకుంటున్నారు, మేష్టారు పరీక్షలో ఏమడుగుతాడో చర్చించుకుంటున్నారు. నల్లజాతి పిల్లలు కష్టపడుతున్నారు, ఒంటరిగా కష్టపడుతున్నారు. ఒంటరిగా చదవడమే వాళ్ళకి స్కూలు నేర్పిన క్రమశిక్షణ. ట్రైస్‌మన్ వాళ్ళకి వెనకబడినవాళ్ళ ప్రత్యేక తరగతి పెట్టలేదు. మామూలు క్లాసుకన్నా కష్టమైన లెక్కలిచ్చి గుంపుగా కూచోబెట్టాడు. ఫలితాలు మారాయి.

ఆ కష్టమైన లెక్కలన్న మాట దగ్గర ఆగాలి. మన యూనివర్సిటీలు రిజర్వేషన్ పిల్లల కోసం రెమిడియల్ క్లాసులు పెడతాయి. ఆ పేరే ఒక జబ్బు పేరు. గంట కొట్టాక, మిగతావాళ్ళు వెళ్ళిపోయాక, ఇంటర్ లెక్కలు మళ్ళీ చెబుతారు. వెళ్ళినవాడి మీద ముద్ర పడుతుంది, అందుకని ఎవడూ వెళ్ళడు, వెళ్ళడం లేదు కనక వాళ్ళకే అక్కర్లేదని రిపోర్టు రాస్తారు. 1998లో అమెరికాలో రోండా హ్యూస్, సిల్వియా బోజ్‌మన్ అనే ఇద్దరు ప్రొఫెసర్లు 'ఎడ్జ్' అనే వేసవి కార్యక్రమం మొదలుపెట్టారు. గణితంలో పిహెచ్.డి.కి చేరబోతున్న స్త్రీలని చేరకముందే ఒకచోట చేర్చి, మొదటి ఏడాది కోర్సుల రుచి చూపించి, ఒకరికొకరు తోడయ్యేలా చేస్తారు. దానికి పెద్ద ఖర్చేమీ లేదు. ఎమ్మెస్సీ అయిపోయిన మే నెలలో నాలుగు వారాలు, ఉర్దూ మాటలూ తెలుగు మాటలూ ఇంగ్లీషు మాటలూ పక్కపక్కన రాసి, ఆల్జీబ్రా, అనాలిసిస్ కలిసి చేయిస్తే మన ఏ విశ్వవిద్యాలయం కూలిపోతుంది? గైడు కేటాయింపుకి రాతలో ఒక నియమం, ఒక గడువు పెడితే ఏ ప్రొఫెసరు గౌరవం తగ్గుతుంది? ఏటా ఎంతమంది చేరారు, ఏ వర్గం వాళ్ళు, అయిదేళ్ళ తర్వాత ఎంతమంది మిగిలారు అన్న పట్టిక నోటీసు బోర్డు మీద పెట్టమనండి. లెక్కల శాఖకి అది కష్టమైన లెక్క కాదు.

ఇక మావాళ్ళ సంగతి. మా సభల్లో సైన్సు మాట వస్తే అల్ ఖ్వారిజ్మీ ప్రత్యక్షమవుతాడు. ఆల్జీబ్రా మాది, జీరోని ప్రపంచానికి చేర్చింది మేము, మర్యమ్ మీర్జాఖానీ మా పిల్ల. తొమ్మిదో శతాబ్దపు బాగ్దాద్‌లో రాసిన పుస్తకం చార్మినార్ వెనక గల్లీలో పిల్లకి ఫెలోషిప్ ఇవ్వదు. మీర్జాఖానీ 2014లో ఫీల్డ్స్ మెడల్ అందుకున్న మొదటి స్త్రీ, నిజమే. ఆమె వెనక ప్రతిభ గల పిల్లల కోసం టెహ్రాన్‌లో పెట్టిన బడి ఉంది, షరీఫ్ విశ్వవిద్యాలయం ఉంది, తర్వాత హార్వర్డ్ ఉంది. మతం పేరు చెప్పి ఆమె పతకంలో వాటా అడిగే పెద్దలు అలాంటి బడి ఒకటి పెట్టే మాట ఎత్తరు. గతం గురించిన గర్వం మాకు మత్తుమందు అయిపోయింది, దాన్ని అమ్మేవాళ్ళు బాగానే బతుకుతున్నారు.

మైనారిటీ పరిశోధకులకి 2009లో మొదలైన మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ని 2022 డిసెంబరులో ఆపేస్తున్నామని ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. అప్పటికే తీసుకుంటున్నవాళ్ళకి కొనసాగుతుంది, కొత్తవాళ్ళకి లేదు. ఇలాంటి పథకాలు వేరే ఉన్నాయి కదా అన్నది కారణం. ఓబీసీ జాబితాలో లేని పేద ముస్లిం కుర్రాడికి ఆ వేరేవి ఏవో చెప్పలేదు. నెట్‌లో జె.ఆర్.ఎఫ్. వచ్చినవాడికి 2023 నుంచి నెలకు 37 వేల రూపాయలు. అది రానివాడికి ఈ ఫెలోషిప్ ఒక దారిగా ఉండేది. ఆ దారి మూసినప్పుడు మా సంఘాలు రెండు రోజులు ప్రకటనలిచ్చాయి. మూడో రోజు మామూలే.

37 వేల చొప్పున ఏడాదికి 4 లక్షల 44 వేలు. హైదరాబాద్‌లో ఒక మోస్తరు ఫంక్షన్ హాల్లో ఒక రాత్రి వలీమా ఖర్చు అంతకన్నా ఎక్కువే అవుతుంది. రంజాన్‌లో జకాత్ పంచే ట్రస్టులు ఇంజనీరింగ్ ఫీజుకి, మెడిసిన్ ఫీజుకి సాయం చేస్తాయి, అడిగిన పిల్లకి తొందరగా ఉద్యోగం వస్తుందా అని చూస్తాయి. ఎమ్మెస్సీ గణితం తర్వాత అయిదేళ్ళు పరిశోధన చేస్తానంటే, అయిదేళ్ళా, ఆ తర్వాత పెళ్ళెప్పుడు అని అడుగుతాయి. ఆ ప్రశ్న వేసే కమిటీల్లో ఒక్క గణిత అధ్యాపకుణ్ణయినా, రిటైరయినవాణ్ణయినా, కూచోబెట్టమని అడుగుతున్నాను. దరఖాస్తుతో పాటు ఆ పిల్ల నోటు పుస్తకం కూడా అతను తెరిచి చూడాలి.